నీళ్లు దింపే రోజు

నెలకోసారి, అమావాస్య మర్నాడు
కొలను అడుగున చెక్క బిరడా లాగేది నేనే.
పదకొండు రాతి నోళ్లు గుటక మింగి ఊరుకుంటాయి.
మోకాళ్ల లోతు, మడమల లోతు,
చివరికి నాచు మీద సన్నటి తడి.
అప్పుడు దిగుతాను, కొబ్బరి పీచు చేతబట్టి.

పైన గడ్డికప్పు కింద
ముప్పై చాపలు, ముప్పై నిటారు వెన్నులు.
గురువుగారి గొంతు తేలుతూ వస్తుంది:
"వదిలేయండి. బరువైనదేదో నీళ్లకిచ్చేయండి."
ఆయనకేం, అనేశాడు.
వదిలినవన్నీ ఏరేది నేను.

జుట్టు పిన్నులు. చేప పొలుసులా ఒక కాంటాక్ట్ లెన్స్.
ఎవరివో కట్టుడు పళ్లు, రెండు.
విప్పబోతే ముద్దయిన కాగితం,
సిరా మాత్రం ఇంకా ఎవరినో తిడుతూనే ఉంది.
ఏ దేశపువో నాణేలు, మా కొట్లో చెల్లవు.
అన్నీ పాత బిస్కెట్ల డబ్బాలో వేస్తాను,
మూత మీద రాణిగారి బొమ్మ సగం చెరిగింది.
ఆఫీసులో ఇచ్చెయ్యాలట. ఇస్తాను, అడిగితే.

మా ఊరివాళ్లు ఈ కొలనుకు రారు.
మా ఊట పైన, వెదురుపొద దాటాక లోయలో.
అక్కడ జెరో మంగ్కు రెంతెగ్ చెంబుతో తలమీద పోస్తాడు,
ఏదీ వదలమనడు.
"చల్లగా ఉన్నాయా?" అంటాడు, అంతే.
బాలిలో నీళ్లకు రెండు మాటలు మాకు:
దాహానికి యేః, తలమీదకు తీర్తా.
ఇక్కడికొచ్చేదీ ఆ ఊటే,
పైపులో వంకరలు తిరిగి, మీటరు దాటి.
మీటరుకు ఆ తేడా తెలీదు.

నిన్న రాత్రి తొకే బల్లి ఏడుసార్లు కూసింది.
ఏడు కూతలు మంచివంటారు.
చూస్తే కొలను గట్టున ఫోను వెలుతురు.
అరవై దాటినావిడ, సరోంగు తొడలదాకా తడిసి
నీళ్లలో చేతులాడిస్తోంది, బియ్యంలో రాళ్లేరినట్టు.
హెండ్రికా. మూడో గుడిసె. ఉప్పులేని భోజనం.

"ఉంగరం," అంది.
వేలి మొదట్లో తెల్లటి గీత.
"నేనే వేశాను. అందరం ఏదో ఒకటి వేశాం కదా.
తేలికవుతుందన్నారు.
అయింది కూడా. ఒక పూట."

ఎలా చెప్పను, ఇవి ఆ నీళ్లు కావని?
నువ్విచ్చిన నీళ్లు పొద్దున్నే తూము దాటి
మా అన్న సుదిర్తా మడిలోకి పోయాయి,
సబ్బు వాసనని గొణుగుతూనే మడవ తీశాడు.
చెప్పలేదు. డబ్బా తెచ్చాను.

మూత బిగుసుకుంది.
చెరో వైపు పట్టి లాగాం.
ఠక్కున ఊడి, నెల రోజుల బరువులన్నీ
గట్టు మీద చెల్లాచెదరు.
కట్టుడు పళ్లు దొర్లి ఆమె పాదం దగ్గర ఆగాయి.
నవ్వింది. చాలాసేపు.
నవ్వుతూనే ఉంగరం దొరికించుకుంది,
నీళ్లలో నాని వేలు ఉబ్బింది, ఎక్కలేదు.
రెండు చేతులూ కావాలి కదా,
ఉంగరాన్ని పళ్ల మధ్య పట్టుకుని
నాతోపాటు వంగి పిన్నులు ఏరింది.
ఒక్కొక్కటే. తొందరేం లేదన్నట్టు.

ఆయన పేరు నేనడగలేదు.
పళ్ల మధ్య ఉంగరంతో ఎవరు మాత్రం చెప్పగలరు?

ఇవాళ మళ్లీ గడ్డికప్పు కింద అదే గొంతు.
ముప్పై వెన్నులు, అరవై అరచేతులు ఆకాశానికి.
అరవై కాదు. యాభైతొమ్మిది.
వెనక వరసలో ఒక గుప్పిట మూసే ఉంది.
గురువుగారు కళ్లు మూసుకున్నారు, చూడలేదు.

మూడో రాతి నోట్లో అప్పుడే నాచు మొదలైంది.
గోటితో గీకి చూశాను, రాలేదు, లేతది.
మధ్యాహ్నం అన్న వచ్చి గేటు బయటే నిలబడ్డాడు,
కాళ్లకు బురద, లోపలికి రానివ్వరు.
"మళ్లీ ఎప్పుడు దింపుతావే?" అన్నాడు.
"చేను ఎండుతోంది."